సమితి అంటే మండలానికి పాత పేరు కాదు

మీరు అడిగింది ఇదీ: "మా తాతగారు ఎలిమెంటరీ స్కూల్ టీచరు. ఆయన సర్వీసు రిజిస్టరులో ఒక పంచాయతీ సమితి పేరుంది. తాలూకా అన్న చోట ఇంకో ఊరి పేరుంది. ఇప్పుడు మా ఊరు ఆ రెండిట్లోనూ లేదు, మూడో ఊరు మండల కేంద్రం. ఎక్కడ వెతికినా సమితి అంటే మండలానికి పాత పేరు అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. అంతేనా? అసలు ఈ సమితి ఎప్పుడు పుట్టింది, ఎందుకు పోయింది?"

అంతే కాదండీ. నేను 1974లో ఒక మెట్ట ప్రాంతపు సమితి ఆఫీసులో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరాను. 2010లో మండల పరిషత్ ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. మధ్యలో బయట బోర్డు మారింది, లోపల చాలా మారింది. అది మారుతున్నప్పుడు ఫైళ్లు మోసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక చేసుకుని చదవండి.

ముందు మీ తాతగారి కాగితం సంగతి. ఆ రోజుల్లో ఒకే ఊరి మీద రెండు లెక్కలు నడిచేవి. ఒకటి రెవెన్యూ లెక్క: జిల్లా, డివిజన్, తాలూకా, ఫిర్కా (కొన్ని ఊళ్లు కలిపిన రెవెన్యూ సర్కిలు), గ్రామం. భూమి, శిస్తు, అడంగల్, కులం సర్టిఫికెట్ లాంటివన్నీ దీని కిందికి వస్తాయి. దీనికి పెద్ద తహసీల్దారు. రెండోది పంచాయతీరాజ్ లెక్క: జిల్లా పరిషత్, పంచాయతీ సమితి, గ్రామ పంచాయతీ. బడి, మట్టి రోడ్డు, మంచినీళ్ల బావి, విత్తనాలు, కోళ్లు, కుట్టు మిషన్లు దీని కింద. ఇక్కడ ఆఫీసరు బీడీవో (బ్లాక్ డెవలప్‌మెంట్ ఆఫీసరు), ఆయన పైన ఎన్నికైన ప్రెసిడెంటు. ఒక్కో తాలూకాలో రెండు మూడు సమితులు ఉండటం మామూలే. శిస్తు గొడవకి ఒక ఊరు, బడి గొడవకి ఇంకో ఊరు వెళ్లాల్సి వచ్చేది. అందుకే ఆ కాగితంలో రెండు పేర్లున్నాయి. రెండూ సరైనవే. టీచరు కాబట్టి ఆయనకి జీతమిచ్చింది సమితి, తాలూకాకి ఆయనతో పని లేదు.

ఇక పుట్టుక. సమితికి ముందూ పల్లెలకి స్థానిక పాలన ఉంది. వైస్రాయి రిపన్ ప్రభువు స్థానిక పాలన మీద చేసిన 1882 తీర్మానం తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో 1884లో లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. కోస్తా, సీమ జిల్లాల్లో జిల్లా బోర్డులు, వాటి కింద తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. తాలూకా బోర్డులను 1934లో ఎత్తేశారు, జిల్లా బోర్డులు మిగిలాయి. మా నాన్నగారి తరం వాళ్లు చివరిదాకా "బోర్డు స్కూలు", "బోర్డు హైస్కూలు" అనే అనేవారు. ఆ బోర్డు ఇదే. స్థానిక సంస్థల పద్దులు చూసే ఆడిట్ వాళ్లని మేం సర్వీసంతా "లోకల్ ఫండ్ వాళ్లు" అనే పిలిచాం, అదీ ఆ కాలపు మాటే. నిజాం ఏలుబడిలోనూ లోకల్ ఫండ్ ఉండేది గానీ పెత్తనం అధికారులదే. 1956లో ఆంధ్ర, తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యేనాటికి ఒక వైపు జిల్లా బోర్డు రాజకీయం బాగా నలిగి ఉంది, ఇంకో వైపు ఎన్నికల స్థానిక పాలన అప్పుడప్పుడే మొదలవుతోంది. రెండు వైపులా ఒకే అచ్చు పోసింది సమితే.

ఆ అచ్చు ఢిల్లీ నుంచి వచ్చింది. 1952 అక్టోబరు 2న దేశంలో 55 చోట్ల సమాజ వికాస ప్రాజెక్టులు మొదలుపెట్టారు. సుమారు నూరు ఊళ్లు, అరవై డెబ్బై వేల జనాభా కలిపితే ఒక బ్లాకు. దానికి ఒక బీడీవో, వ్యవసాయం, పశువులు, సహకారం, పంచాయతీలు అంటూ ఒక్కో పనికీ ఒక్కో విస్తరణాధికారి, ఒక ఓవర్సీరు, ఓ పదిమంది గ్రామసేవకులు, ఆడవాళ్ల పనులకి గ్రామసేవికలు. ఇప్పటికీ ముసలివాళ్లు మండల పరిషత్ ఆఫీసుని "బ్లాకాఫీసు" అంటారు చూడండి, అది ఈ బ్లాకే. సరంజామా అంతా ఉంది, జనమే రాలేదు. సర్కారు వాళ్లు ఏదో చేస్తున్నారులే అని చూస్తూ కూర్చున్నారు. దీని మీద బల్వంత్‌రాయ్ మెహతా కమిటీని వేశారు. ఆ కమిటీ 1957 నవంబరులో ఇచ్చిన నివేదికలో చెప్పింది సూటిగానే ఉంది: ఎన్నికైన సంస్థ చేతికి అధికారం, డబ్బు ఇవ్వకపోతే జనం ముందుకు రారు. గ్రామం, బ్లాకు, జిల్లా అని మూడంచెలు పెట్టండి, అసలు బరువు బ్లాకు మీద వేయండి.

మన రాష్ట్రం వెంటనే అందుకుంది. 1958 జూలైలో జిల్లాకి ఒకటి చొప్పున 20 తాత్కాలిక సమితులు పెట్టి చూశారు. అప్పుడు ఉన్న జిల్లాలూ ఇరవయ్యే. ప్రకాశం, రంగారెడ్డి, విజయనగరం ఇంకా పుట్టలేదు. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చింది. అక్టోబరు 2న రాజస్థాన్‌లో నాగౌర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ని ప్రారంభించారు. తొమ్మిది రోజుల తర్వాత, అక్టోబరు 11న, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో మన రాష్ట్రానిది ప్రారంభించారు. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఆ ఏడాది నవంబరు 1 నుంచి సమితులు పనిలోకి దిగాయి. ఓ చిన్న ముచ్చట: సరిగ్గా అదే అక్టోబరు 11న, 2016లో, తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చాయి. ఆ రోజు షాద్‌నగర్ మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డి జిల్లాలోకి మారిపోయింది. ఎవరైనా కావాలని పెట్టుకున్నారని నేననను, ఆ రోజు దసరా.

సమితిలో సభ్యులెవరంటే, దాని పరిధిలోని పంచాయతీల సర్పంచులే. వాళ్లు కూర్చుని ఇద్దరు మహిళలను, ఎస్సీ, ఎస్టీల నుంచి కొందరిని కలుపుకునేవారు. దీన్ని కో-ఆప్షన్ అనేవారు. వీళ్లంతా కలిసి ప్రెసిడెంటుని ఎన్నుకునేవారు. సమితి ప్రెసిడెంట్లు జిల్లా పరిషత్‌లో సభ్యులు, అక్కడ చైర్మన్ని ఎన్నుకునేవారు. కలెక్టరుని పూర్తిగా బయట పెట్టలేదు. జిల్లా పరిషత్ స్థాయీ సంఘాలకి అధ్యక్షుడు ఆయనే. అధికారం ఇచ్చినట్టూ ఉండాలి, పగ్గం చేతిలోనూ ఉండాలి, అదన్నమాట ఏర్పాటు.

సమితి సర్వసభ్య సమావేశం ఎలా ఉండేదో ఒక్కసారి చూపిస్తాను. ఉదయం పదకొండుకని నోటీసు. సర్పంచులు వచ్చేసరికి పన్నెండున్నర. మెట్ట ఊళ్ల వాళ్లు బస్సు దిగి నడిచి వచ్చేవారు, ఇద్దరు ముగ్గురికి బుల్లెట్ బండ్లు ఉండేవి. హాల్లో పెంకుల కప్పు, రెండు ఫ్యాన్లు, ఒకటి తిరిగేది కాదు. గోడకి గాంధీగారు, నెహ్రూగారు. ప్రెసిడెంటుగారి కుర్చీకి చేతులుండేవి, మిగతావి మడత కుర్చీలు. ఎజెండా సైక్లోస్టైల్ చేసి పంచేది నేనే. స్టెన్సిల్ కాగితం మీద సూదితో గీసి, సిరా రోలరు తిప్పి, చేతులు నల్లగా చేసుకుని. ఎజెండాలో ముప్పై అంశాలుంటే ఇరవై ఎనిమిది "ఆమోదించడమైనది" అని పావుగంటలో అయిపోయేవి. మిగతా రెండిటి మీదే యుద్ధం. ఒకటి, ఏ ఊరికి బావి. రెండు, ఏ టీచరుని ఎక్కడికి. కో-ఆప్షన్‌లో వచ్చిన మహిళా సభ్యులిద్దరూ వెనక వరసలో కూర్చునేవారు. చివర్లో మినిట్స్ పుస్తకం వాళ్ల దగ్గరికి తీసుకెళ్తే ఒకావిడ సంతకం పెట్టేది, ఇంకొకావిడ వేలిముద్ర. నేను పనిచేసిన మొదటి నాలుగేళ్లలో వాళ్లు నోరు తెరిచి మాట్లాడటం ఒక్కసారే విన్నాను. హరిజనవాడ బావిలో ఎండాకాలం నీళ్లు లేవని ఆ వేలిముద్ర ఆవిడే లేచి అడిగింది. హాలంతా నిశ్శబ్దం. ఆ బావికి ఆ ఏడాదే పూడిక తీయించారు. ఆ ఎస్టిమేటు టైపు చేసింది నేనే కాబట్టి బాగా గుర్తు.

ఇక గ్రామసేవకుల గురించి చెప్పకపోతే సమితి చరిత్ర చెప్పినట్టు కాదు. సైకిలు, క్యారియర్‌కి కట్టిన సంచీ, సంచీలో విత్తనాల పొట్లాలు, ఓ డైరీ. మా ఆఫీసులో ఉన్న పెద్దాయన ఒకరు 1950ల చివర్లో గ్రామసేవకుడిగా చేరారు. జపాను పద్ధతిలో వరి నాటండి అని రైతుల వెంట పడేవారట. నారు వరసల్లో నాటాలి, దూరం పాటించాలి, కలుపు యంత్రం లాగాలి. రైతులు ఆయన ముందు తాడు పట్టి రెండు వరసలు నాటి, ఆయన సైకిలు మలుపు తిరగ్గానే మామూలుగా నాటుకునేవారట. "నాకూ తెలుసు, వాళ్లకీ తెలుసు, డైరీలో మాత్రం ఎకరాలు రాసేవాణ్ణి" అని నవ్వేవారు. పొగరాని పొయ్యి కూడా అంతే. ఊళ్లో పది కట్టించేవారు, ఆర్నెల్ల తర్వాత వెళ్తే రెండు మిగిలేవి. కానీ ఎక్కువ దిగుబడినిచ్చే ఐఆర్-8 వరి వచ్చినప్పుడు, సూపర్ ఫాస్ఫేటు మూట మొదటిసారి వాడినప్పుడు రైతు నమ్మింది ఆ సైకిలు మనిషినే. నన్నడిగితే హరిత విప్లవానికి మన దగ్గర కాళ్లు ఉన్నాయంటే అవి గ్రామసేవకుల కాళ్లే. తర్వాత వాళ్ల పేరు వీడీవో (విలేజ్ డెవలప్‌మెంట్ ఆఫీసరు) అని మార్చారు, కొంతమంది పంచాయతీ పద్దులు రాసే పనిలో పడ్డారు, పొలం గట్టు ఎక్కడం తగ్గిపోయింది.

మీ తాతగారి లాంటి టీచర్ల దగ్గరికి వద్దాం, ఎందుకంటే సమితికి అసలు బలం వాళ్లే. 1959 చట్టంతో ఎలిమెంటరీ బడులు సమితికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్‌కి వచ్చాయి. ఎలిమెంటరీ టీచరు నియామకం, జీతం, బదిలీ సమితి చేతిలో. ఒక్కో సమితిలో వందల మంది టీచర్లు. ఊళ్లో చదువుకున్నవాడు, ఓటరు జాబితా తెలిసినవాడు, నలుగురూ మాట వినేవాడు టీచరే కదా. ఆయన్ని ఇంటి పక్క బడిలో ఉంచాలా, బస్సు పోని ఊరికి పంపాలా అనేది ప్రెసిడెంటుగారి ఇష్టం. ఎన్నికలు దగ్గరపడితే బదిలీ ఫైలు లావెక్కేది. నేను చూసిన ఒక టీచరు ఒకే విద్యా సంవత్సరంలో మూడు ఊళ్లు మారాడు. మూడోసారి ఆర్డరు తీసుకోవడానికి వచ్చినప్పుడు నా బల్ల ముందు నిలబడి, "బాబూ, ఈసారి సామాను దింపమంటావా, బండి మీదే ఉంచమంటావా?" అని అడిగాడు. నేను నవ్వలేకపోయాను. గ్రాంటు ఆలస్యమైతే జీతమూ ఆలస్యమే, ఇరవయ్యో తారీఖున కూడా ఆఫీసు అరుగు మీద కూర్చున్న మేష్టార్లను చూశాను. మీ తాతగారి సర్వీసు రిజిస్టరులో బదిలీల పేజీ చూడండి. ఆ సమితిలో ప్రెసిడెంటు ఎప్పుడు మారాడో ఆ పేజీలోనే తెలిసిపోతుంది. ప్రభుత్వ టీచర్లు, పంచాయతీరాజ్ టీచర్లు అని రెండు రకాలుగా విడిపోయి ఏకీకృత సర్వీసు రూల్సు కోసం ఇప్పటికీ కోర్టుల చుట్టూ తిరగడానికి మూలం కూడా ఈ ఏర్పాటులోనే ఉంది.

అయితే టీచర్లకి ఇబ్బంది పెట్టిన ఆ సమితే ఊరూరా బడి పెట్టింది. అది కూడా చెప్పాలి. సర్పంచి సమావేశంలో బల్ల గుద్ది అడిగితే ఏకోపాధ్యాయ పాఠశాల వచ్చేది. మొదట రావిచెట్టు కిందో, రామాలయం అరుగు మీదో. తర్వాత ఊరివాళ్లు సగం వేసుకుంటే సమితి సగం ఇచ్చి ఒక గది. మీ వైపు పాత బడి గది గోడమీద "పంచాయతీ సమితి నిధులతో" అని రాయి ఉంటే అది అలా వచ్చిందే.

డబ్బు గురించి ఎవరూ రాయరు గానీ సమితి ఎందుకు నీరసించిందో అక్కడే ఉంది. 1958 తర్వాత లెక్క ప్రకారం బ్లాకుకి మొదటి దశ అయిదేళ్లలో 12 లక్షలు, రెండో దశ అయిదేళ్లలో 5 లక్షలు. ఆ తర్వాత బ్లాకు తన కాళ్ల మీద నిలబడాలి. ఏ కాళ్లు? శిస్తు మీద వచ్చే సెస్సులో వాటా, సంతల వేలం, ప్రభుత్వ గ్రాంట్లు. 1960లలో కొత్త జీపు, కొత్త బంగళా, గిడ్డంగి, క్వార్టర్లు అన్నీ మొదటి దశ డబ్బుతో కట్టుకున్నారు. నేను చేరేసరికి రెండు దశలూ దాటిపోయి, ఆ జీపుని నలుగురు తోస్తేనే గానీ స్టార్టు అయ్యేది కాదు. సిబ్బంది జీతాలు పోను పనులకి మిగిలేది ఏమీ లేదు. పనుల డబ్బు వేరే దారుల్లో రావడం మొదలైంది. ఒక్కో పథకానికి ఒక్కో ఏజెన్సీ. 1980 అక్టోబరు 2 నుంచి దేశంలోని అన్ని బ్లాకుల్లో ఐఆర్‌డీపీ (సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం) వచ్చింది. గేదెలు, గొర్రెలు, ఎడ్లబండ్లు. పని చేసేది మా సమితి సిబ్బందే గానీ చెక్కు మీద సంతకం, లక్ష్యాల ఒత్తిడి జిల్లా కేంద్రంలో డీఆర్‌డీఏ (జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ) నుంచి. ప్రెసిడెంటుగారు లబ్ధిదారుల జాబితా అడిగి చూసుకునే స్థితికి వచ్చారు. ఒకే గేదె మూడు ఊళ్లలో మూడు ఫోటోల్లో కనపడ్డ కథలు మీరూ వినే ఉంటారు. గేదెలకి గుర్తుగా వేసే ఆ చెవి పోగుల లెక్క సరిచూడలేక మేం పడ్డ టెన్షన్ వేరే కథ.

పైగా ఎన్నికలు. 1959, 1964, 1970 దాకా ఓ పద్ధతిలో జరిగాయి. 1970 తర్వాత మళ్లీ జరిగింది 1981లోనే. మధ్యలో గడువు పొడిగింపులు, ఆ తర్వాత స్పెషల్ ఆఫీసర్లు. ప్రెసిడెంటు లేని సమితిని నేను కొన్నేళ్లు చూశాను. ఫైళ్లు వేగంగా కదిలేవి, అది నిజం. సర్పంచులు మాత్రం ఆఫీసుకి రావడం మానేశారు.

ఇప్పుడు సమితి ఎందుకు పోయిందన్న మీ ప్రశ్న. పుస్తకాల్లో రాసే జవాబు "పరిపాలన ప్రజలకు దగ్గరగా తేవడానికి". అబద్ధం కాదు గానీ సగమే. నా లెక్క ఇది, తప్పయితే దిద్దండి. 1981 ఎన్నికల్లో మొదటిసారి సమితి ప్రెసిడెంటుని జనమే నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. అప్పుడు రాష్ట్రంలో సమితులు దాదాపు 330. శాసనసభ స్థానాలు 294. పట్టణ స్థానాలు తీసేస్తే పల్లెల్లో ఎమ్మెల్యేకంటే సమితి ప్రెసిడెంటు పరిధి కొంచెమే చిన్నది. 1981 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రంలో అయిదు కోట్ల ముప్పై అయిదు లక్షల మంది, అందులో మూడొంతులకు పైగా పల్లెల్లో. 330తో భాగిస్తే సమితికి లక్షా పాతిక వేల దాకా వస్తుంది. అంతమంది ఓట్లతో నేరుగా గెలిచినవాడు, చేతిలో వందల మంది టీచర్లు, ఒక జీపు, ఒక బీడీవో. అలాంటివాణ్ణి పక్కన పెట్టుకుని ఏ ఎమ్మెల్యేకి నిద్ర పడుతుంది? సమితిలో గెలిచి, తర్వాత టికెట్టు తెచ్చుకుని అసెంబ్లీకి పోవడం 1960ల నుంచీ ఉన్నదే. జిల్లా పరిషత్ చైర్మన్లుగా మొదలుపెట్టిన వాళ్లలో జలగం వెంగళరావు ముఖ్యమంత్రి కూడా అయ్యారు. ప్రత్యక్ష ఎన్నికతో ఆ పోటీ ఇంకా ముదిరింది. పైగా 1981లో గెలిచిన వాళ్లలో ఎక్కువమంది కాంగ్రెస్ వాళ్లు. 1983 జనవరిలో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఊళ్లలో మాత్రం పాత పార్టీ ప్రెసిడెంట్లే.

ఒకటొకటిగా జరిగింది. 1984 జనవరిలో కరణం, మునసబు, పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దు. 1985 మే 25న తాలూకాలు, ఫిర్కాలు పోయి రెవెన్యూ మండలాలు వచ్చాయి, తహసీల్దారు పోయి ఎమ్మార్వో (మండల రెవెన్యూ అధికారి) వచ్చారు. 1986లో మండల ప్రజా పరిషత్తుల చట్టం. 1978 నాటి అశోక్ మెహతా కమిటీ మండల పంచాయతీలు పెట్టమని చెప్పింది కాబట్టి దానికి ఊతం కూడా దొరికింది. 1987 ఆరంభంలో సమితులు ముగిశాయి, ఆ మార్చిలో మండలాధ్యక్షులకు, జిల్లా ప్రజా పరిషత్ అధ్యక్షులకు నేరుగా ఎన్నికలు జరిగాయి. దాదాపు 330 సమితుల చోట 1,100కు పైగా మండలాలు. ఒక్కో దానికి నలభై వేల లోపు జనం. బీసీలకు 20 శాతం, మహిళలకు 9 శాతం అధ్యక్ష పదవులు కేటాయించడం మాత్రం నిజంగా పెద్ద మార్పు. సమితి కాలంలో ఆ కుర్చీలో ఎప్పుడూ ఒకటి రెండు కులాల పెద్ద రైతులే కూర్చోవడం చూసిన నాకు, 1987లో ఒక చేనేత కుటుంబం నుంచి వచ్చిన మనిషి అధ్యక్షుడిగా ఫైలు మీద సంతకం పెట్టడం చూశాక, ఈ మార్పులో అంతా రాజకీయమే అనడానికి మనసొప్పదు. కానీ పాత సమితిలో మూడో వంతు మందికి అధ్యక్షుడైనవాడు ఎమ్మెల్యేకి పోటీ కాలేడు. ఆ సంగతి తెలిసే చేశారనీ అనుకుంటాను.

మీ ఊరి విషయంలో గందరగోళమంతా ఇక్కడే వచ్చింది. 1985 మే నుంచి 1987 మొదలు దాకా ఊళ్లు కొత్త రెవెన్యూ మండలంలో ఉన్నాయి, పాత సమితిలోనూ ఉన్నాయి. ఆ ఇరవై నెలల్లో ఇచ్చిన కాగితాల్లో ఒకదాంట్లో మండలం, ఒకదాంట్లో సమితి, పాత స్టాంపు ఇంకా అరిగిపోలేదు కాబట్టి ఒకదాంట్లో తాలూకా కూడా ఉంటుంది. అలాంటి కాగితం కనపడితే ఫోర్జరీ అనుకోకండి. పెన్షన్ కేసుల్లో ఇలాంటివి చాలా తేల్చాను.

సమితి విడిపోయిన రోజుల సంగతి చెప్పాలి. మా సమితి మూడు మండలాలైంది. ఆస్తుల పంపకం అన్నదమ్ముల పంపకం లాగే జరిగింది. బంగళా, హాలు, గిడ్డంగి ఎలాగూ కదలవు కాబట్టి పాత కేంద్రానికే. జీపు కూడా అక్కడే. మిగతా రెండు మండలాలకీ బీరువాలు చెరొకటి, టైపు మిషను ఒకటి లాటరీ వేశారు. మడత కుర్చీలు లెక్కబెట్టి మూడు కుప్పలు పోశారు. సైక్లోస్టైల్ యంత్రం ఎవరికీ వద్దు, నాకు మాత్రం ఎందుకో దాన్ని వదలబుద్ధి కాలేదు. అసలు కష్టం ఫైళ్లది. టీచర్ల సర్వీసు రిజిస్టర్లు బడి ఏ మండలంలో ఉంటే అక్కడికి పంపాలి. రిటైరైన వాళ్లవి? బదిలీ మధ్యలో ఉన్నవాళ్లవి? చనిపోయిన వాళ్లవి? "ప్రస్తుతానికి ఇక్కడే ఉంచండి" అన్నారు. ఎడ్లబండి మీద గోనెసంచుల్లో మూటలు కట్టి, బండికి ఒక అటెండరు చొప్పున పంపాం. ఒక కొత్త మండలానికి ఆఫీసు బిల్డింగు లేదు, ఊళ్లో ఒక మిల్లు పక్కన అద్దెకి రెండు గదులు. ఆ ఏడాది వానాకాలం పైకప్పు కారి కొన్ని మూటలు తడిసి ముద్దయ్యాయి. మినిట్స్ పుస్తకాలు కొన్ని అందులోనే పోయాయి. ఆ వేలిముద్ర ఉన్న పుస్తకం కూడా.

తర్వాతిది త్వరగా చెప్పేస్తాను. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత 1994 పంచాయతీరాజ్ చట్టంతో ఎంపీటీసీలు (మండల పరిషత్‌కి నేరుగా ఎన్నికయ్యే సభ్యులు) వచ్చారు, మండలాధ్యక్షుడి ఎన్నిక మళ్లీ పరోక్షమైంది. మండలం రెండు రాష్ట్రాల్లోనూ అలాగే ఉంది. సమితి పోయింది మన దగ్గరే. రాజస్థాన్‌లో, మహారాష్ట్రలో, ఒడిశాలో పంచాయతీ సమితి ఇప్పటికీ ఉంది. సరిహద్దు జిల్లాల వాళ్లకి ఇది తెలిసిందే.

ఇక మీ పని. మీ ఊరు ఏ సమితిలో ఉండేదో కచ్చితంగా తెలియాలంటే ఈ వరసలో వెతకండి. మొదట మీ ఊరి ఎలిమెంటరీ బడి పాత అడ్మిషన్ రిజిస్టరు. 1987కి ముందుదైతే అట్ట మీదో, మొదటి పేజీ మీదో గుండ్రటి ముద్ర ఉంటుంది, అందులో సమితి పేరు స్పష్టంగా ఉంటుంది. రెండోది, ఊళ్లో 1960, 70లలో కట్టిన బడి గది, పంచాయతీ ఆఫీసు, బావి వరల మీద శిలాఫలకాలు. సున్నం వేసి కప్పేసి ఉంటే తడిగుడ్డతో తుడిచి చూడండి, గోకవద్దు. మూడోది, పాత సమితి కేంద్రం ఉన్న ఊళ్లో మండల పరిషత్ రికార్డు రూము. పెద్ద ఆవరణ, పెంకుటింటి ఆఫీసు, వేపచెట్లు, పాడుబడ్డ క్వార్టర్లు కనిపిస్తే అదే పాత సమితి ఆఫీసని పోల్చుకోవచ్చు. తర్వాత వచ్చిన మండలాల ఆఫీసులు అలా ఉండవు. అక్కడ ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులో (ఉద్యోగుల ఫైళ్లు చూసే చోట) ఉన్నవాళ్లని "సమితి విభజనకి ముందు రిటైరైన టీచర్ల రిజిస్టర్లు" అని అడగండి. ఇలా అడిగితేనే వెతుకుతారు, ఉత్తినే "సమితి రికార్డు" అంటే లేవనేస్తారు. మాటకి లొంగకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, పాత సమితి పేరు, ఇప్పటి మండలం పేరు రెండూ రాసి పెట్టండి.

ఫ్యామిలీ పెన్షన్ కోసమైతే సమితి పేరు మార్పించాలని తిరగకండి. మండల పరిషత్ అధికారి దగ్గర "ఫలానా గ్రామం అప్పటి ఫలానా సమితి పరిధిలోనిది, 1987లో సమితుల రద్దుతో ప్రస్తుత ఫలానా మండలంలోకి వచ్చింది" అని ఒక ధ్రువీకరణ తీసుకుని జతచేస్తే చాలు. నేను సీటులో ఉన్నప్పుడు అలాంటివి వారానికి రెండు మూడు రాసిచ్చేవాణ్ణి. జిల్లా పేరు, సమితి పేరు రాస్తే ఆ ముక్క ఎలా ఉండాలో నేనే రాసి పెడతాను. తాతగారి ఊరు, పేరు మాత్రం ఇక్కడ పెట్టకండి.